ఊట మార్చిన ఊళ్లు

ఫ్లోరైడ్ మీద తెలుగు నేలలో ఎనిమిది దశాబ్దాలకు పైగా పరిశోధన సాగింది. నీళ్లను శుభ్రం చేసే పద్ధతులు ఎన్నో పుట్టాయి. చివరికి ఊళ్లను నిలబెట్టింది మాత్రం నీళ్లు వచ్చే చోటును మార్చడమే. ఇప్పుడు ఆ కొత్త చోటుకు కాపలా ఎవరు?

ముందుగా కుంటినవి ఎద్దులు. 1930ల తొలి సంవత్సరాల్లో, అప్పటి నెల్లూరు జిల్లా పడమటి తాలూకాల్లో, అంటే దర్శి, పొదిలి ప్రాంతాల్లో, నాగలి లాగే పశువులకు వయసు మీరకముందే కీళ్లు బిగుసుకుపోసాగాయి. అడుగు తీసి అడుగు వేయలేకపోయేవి. గాలికుంటు అనుకుందామంటే గిట్టల్లో పుండ్లు లేవు, నోట్లో నురగ లేదు. మేత తింటున్నాయి, నెమరు వేస్తున్నాయి, లేచి నడవమంటే మాత్రం నడవలేవు. పశువుతో బతికే రైతు కాబట్టి తేడా ముందు అక్కడ కనిపెట్టాడు. అదే బిగుతు మనుషుల నడుముల్లోకి కూడా వచ్చిందని లోకానికి తెలియడానికి మరికొన్నేళ్లు పట్టింది.

సంగతి మద్రాసు చేరింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పుడు డైరెక్టరు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్. ఆయన, ఆయన సహచరులు ఊళ్లు తిరిగి జనాన్ని పరీక్షించారు, ఎక్స్‌రేలు తీశారు, బావుల నీళ్లు ప్రయోగశాలకు తెప్పించారు. పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు. ఏళ్ల తరబడి అక్కడి నీళ్లే తాగిన పెద్దల్లో మెడ తిప్పలేని, నడుం వంచలేని స్థితి. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుకంటే దట్టంగా, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపించాయి. 1937లో వీళ్లు ప్రచురించిన పత్రాలే మన దేశంలో ఫ్లోరోసిస్‌కు తొలి వైద్య సాక్ష్యం. షార్ట్ ఆ తర్వాత మలేరియా వైపు వెళ్లి, ఆ పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కునే దశను 1948లో సహచరులతో కలిసి బయటపెట్టి ప్రపంచ ఖ్యాతి పొందారు. నెల్లూరు పత్రంలో ఆయనతో పాటు పేరున్న సి.జి. పండిట్ స్వాతంత్ర్యం వచ్చాక భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యారు. అంత పెద్ద చేతులు పడిన రోగం ఇది. అయినా దర్శి తాలూకా బావుల్లో నీళ్లు మాత్రం చాలాకాలం అవే నీళ్లు.

పేరు తెలియకముందే నీళ్లు మార్చిన ఊరు

షార్ట్ బృందానికి అనుమానం నేరుగా ఫ్లోరైడ్ మీదికి పోవడానికి కారణం అమెరికాలో అప్పటికే తేలిన ఒక చిక్కుముడి. ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ వెళ్లి ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి గారపళ్లే. తినే తిండి వల్ల కాదు, శుభ్రత లేకా కాదు. నీళ్లలోనే ఏదో ఉందని ఆయన గట్టిగా నమ్మాడు. కానీ అప్పటి రసాయన పరీక్షల్లో ఆ ‘ఏదో’ దొరకలేదు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి ఆయనకు పిలుపు వచ్చింది. దూరాన ఉన్న వేడినీటి ఊట నుంచి ఊరికి గొట్టం వేసుకున్న తర్వాతే పిల్లల పళ్లు ఇలా అయ్యాయని అక్కడి తల్లిదండ్రులు చెప్పారు. నీళ్లను పరీక్షిస్తే అనుమానించాల్సింది ఏమీ కనబడలేదు. అయినా మెకే ఆ గొట్టం మూసేసి దగ్గర్లోని మరో ఊట నీళ్లు వాడుకోమన్నాడు. ఊరు ఆ మాట విన్నది. కొన్నేళ్లలో కొత్తగా పళ్లు వచ్చిన పిల్లల నోళ్లు తెల్లగా మెరిశాయి. దోషి పేరు బయటపడింది ఆ తర్వాత, 1931లో. అల్యూమినియం కంపెనీలో పనిచేసే హెచ్.వి. చర్చిల్ అనే రసాయనశాస్త్రవేత్త వర్ణపట పరీక్షతో నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు.

ఈ వరసను గుర్తుపెట్టుకోవాలి. ఓక్లీలో ముందు నీటి చోటు మారింది, కారణం తర్వాత తెలిసింది. తెలుగు నేలలో కారణం 1937లోనే తెలిసింది, చాలా ఊళ్లలో నీటి చోటు మారడానికి రెండు తరాలు గడిచాయి. మధ్యలో జరిగిందంతా, ఉన్నచోటి నీళ్లనే ఎలాగో బాగుచేసుకుందామన్న ప్రయత్నం.

రాయి, సున్నం, బోరు

ఫ్లోరైడ్‌ను ఎవరూ తెచ్చి నీళ్లలో కలపలేదు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల కింద ఉన్న పాత గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలున్నాయి. వాటిలోనే అది ఉంది. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలవ ఉంటే అంత కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో జతకట్టి గడ్డకడుతుంది కాబట్టి ఒక హద్దు దాటదు. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బనేట్ పెరిగితే ఆ హద్దు చెరిగిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలల్లో జరిగేది అదే.

తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రాము దగ్గరే ఆగమంటుంది, వేరే గతి లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటుంది. నల్లగొండ జిల్లా బావుల్లో 20 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 1990ల్లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. రంగు లేదు, వాసన లేదు, మరిగిస్తే పోదు. పోదు సరికదా, నీరు ఆవిరైపోయి మిగిలినదాంట్లో పాలు పెరుగుతుంది. పెద్దలు ఇంట్లో పాటించే ఏ జాగ్రత్తా దీనికి పనిచేయదు.

బోర్ల కథ ఇంకో రకం. దిగుడు బావుల్లోకి జనం కాళ్లతో దిగి నీళ్లు ముంచుకునే కాలంలో నారికురుపు పల్లెలను పీడించేది. కలరా సరేసరి. చేతిపంపులు వేయడం, దిగుడు బావులను చేదబావులుగా మార్చడం అప్పటి ఆరోగ్యశాఖ చేసిన మంచి పనుల్లో ఒకటి. 1996లో చివరి కేసు నమోదైంది, 2000లో దేశానికి నారికురుపు విముక్తి పత్రం అందింది. అదే బోరింగు కొన్ని జిల్లాల్లో జనాన్ని పైపొర నీళ్ల నుంచి లోతు రాతి నీళ్లకు తీసుకుపోయింది. క్రిముల గండం దాటించిన గొట్టమే ఖనిజం గండానికి దారి తీసింది. బెంగాల్లో ఆర్సెనిక్ కథా ఇదే మలుపు తిరిగింది. దీనికి ఇంజినీర్లను తిట్టి లాభం లేదు. సూక్ష్మజీవులకోసం వెతికే పరీక్షలో ఖనిజం కనబడదు, అడిగినదానికే పరీక్ష జవాబు చెబుతుంది.

మోకాళ్లు తగులుకునే పిల్లలు

నల్లగొండ వైద్యపత్రికలకు ఎక్కింది హైదరాబాద్ రాష్ట్రం కాలం చివర్లో. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దీఖీ అక్కడి రోగులను వివరంగా చిత్రించారు. ఎముక పెరిగి వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లుచేతులు చచ్చుబడిన వాళ్లు అందులో ఉన్నారు.

ఆ తర్వాత రంగంలోకి దిగింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం వీళ్లదే. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని ప్రకటించారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఎదిగే వయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్లు ఒకదానికొకటి తగులుకుని పాదాలు దూరంగా జరిగిపోతున్నాయి. ఫ్లోరోసిస్ అంటే ఎముక దట్టపడాలి. ఈ పిల్లల వెన్నెముక అలాగే దట్టంగా ఉంది, కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారాయి. ఒకే ఒంట్లో ఎదురెదురు లక్షణాలు. ఇంతకుముందు లేనిది ఇప్పుడెందుకు?

మారిందల్లా సాగునీరు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కాలువల ఊటతో చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పైకి వచ్చింది, మట్టిలో క్షారం పెరిగింది. క్షారపు మట్టిలో మాలిబ్డినం అనే సూక్ష్మ ఖనిజం పైరుకు సులువుగా అందుతుంది. ఆ నేలలో పండిన జొన్నలో అది ఎక్కువగా ఉన్నట్టు సంస్థ పరీక్షల్లో తేలింది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి మూత్రంలో పోతుంది. రాగి తగ్గితే ఎముక గట్టిపడదు. పైన ఫ్లోరైడ్ ఎలాగూ ఉంది. జొన్నన్నం, జొన్నరొట్టె తిని బతికే పేదింటి పిల్లల మీదే దెబ్బ ఎందుకు పడిందో ఈ వివరణతో అర్థమవుతుంది. ఆనకట్టలను ఆధునిక దేవాలయాలుగా కొలిచిన రోజుల్లో, అన్నం పెట్టే కాలువకు ఇలాంటి పక్కదెబ్బ కూడా ఉందని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ చెప్పగలగడం చిన్న విషయం కాదు.

అదే సంస్థ తర్వాతి కాలంలో వంటింటివైపూ చూసింది. చింతపండుకు ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి పంపే గుణం ఉందేమోనని అర్జున్ ఖందారే బృందం ముందు కుక్కల మీద, తర్వాత బడిపిల్లల మీద పరీక్షించింది. 2002లో ప్రచురించిన రెండో అధ్యయనంలో రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. పప్పుచారు ప్రియులకు శుభవార్తే. అలాగని చారుతో రోగం కుదురుతుందని ఎవరూ అనలేదు. ఒకసారి వంగిన ఎముకను నిటారు చేసే మందు ఇప్పటికీ లేదు. పాలు, ఆకుకూరలు, కాల్షియం దొరికే తిండి ఉన్న ఇంట్లో దెబ్బ కొంత తగ్గుతుంది, లేని ఇంట్లో పెరుగుతుంది. నీళ్లు ఊరందరికీ ఒకటే అయినా రోగం బీదవాడి ఇంట్లోనే ఎక్కువ కనబడింది ఇందుకే.

ఒక జిల్లా పేరుతో ఒక పద్ధతి

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, వాడుకలో నీరి, 1970ల్లో ఒక చవకైన ఉపాయం తయారుచేసింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక లెక్క ప్రకారం కలిపి బాగా గిలకొట్టాలి. పటికలోని అల్యూమినియం దూది పింజల్లా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వడగట్టుకోవచ్చు. బకెట్లోనూ చేయొచ్చు, ఊరి ట్యాంకులోనూ చేయొచ్చు. దీనికి నల్లగొండ పద్ధతి అని పేరుపెట్టారు. 1980లో కదిరిలో ఊరంతటికీ సరిపోయే తొలి కేంద్రం కట్టారు. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల్లో భూమి చీలిన లోయ వెంబడి ఇదే జబ్బు ఉంది. అక్కడికీ ఈ పద్ధతి ఇదే పేరుతో వెళ్లింది. నీటి శుద్ధి పాఠ్యపుస్తకాల్లో ప్రపంచమంతా చదివే తెలుగు ఊరిపేరు బహుశా ఇదొక్కటే.

కాగితం మీద పద్ధతిలో లోపం లేదు. ఊళ్లో కథ వేరు. ఫ్లోరైడ్ ఎంత ఉందో, నీటి క్షారం ఎంతో చూసి పటిక పాలు మార్చాలి. ఎండాకాలం ఒక లెక్క, వానాకాలం ఒక లెక్క. రోజూ కొలిచేవాళ్లెవరు? పటిక ఎక్కువైతే నీళ్లు నోటికి బాగుండవు, అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలి? వానకు కొట్టుకుపోయి మళ్లీ బావిలోకే చేరదని నమ్మకమేమిటి? పట్టుకున్న ఫ్లోరైడ్‌లో కొంత పూర్తిగా గడ్డకట్టకుండా అల్యూమినియంతో కలిసి నీళ్లలోనే కరిగి ఉంటోందని తర్వాతి శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. కరెంటు లేని రోజు, ఆపరేటరుకు జీతం రాని నెల సరేసరి. చాలాచోట్ల కేంద్రాలు మూలపడ్డాయి.

ఆ తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలు వచ్చాయి. యూనిసెఫ్ చేయూతతో ఇళ్లలో పెట్టుకునే ఫిల్టర్లు కొన్ని జిల్లాల్లో పంచారు. అవీ బాగానే పనిచేశాయి, లోపలి గుళికలను కొన్ని నెలలకోసారి రసాయనాలతో కడిగి మళ్లీ సిద్ధం చేసినంతకాలం. కెన్యాలో పశువుల ఎముకల బొగ్గుతో వడగట్టారు. ఏ పద్ధతి చూసినా రసాయనశాస్త్రం గెలిచింది, నిర్వహణ ఓడింది. ప్రయోగశాలలో పనిచేసే వస్తువుకు బహుమతి ఇస్తారు, పదేళ్ల తర్వాత పల్లెలో పనిచేస్తోందో లేదో చూడ్డానికి డబ్బిచ్చే వాళ్లుండరు. ఫ్లోరైడ్ పరిశోధనలోని పెద్ద వెలితి ఇదే.

480 పేర్ల బ్యాలెట్

పద్ధతులతో విసిగిన జనం నీళ్లే మార్చమని అడగడం మొదలుపెట్టారు. పక్కనే కృష్ణ పారుతోంది, సాగర్ నిండుతోంది, పైనున్న ఊళ్లకు చుక్క రాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానంలో నామినేషన్లు వెల్లువెత్తాయి. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. దేశం దృష్టి అయితే మళ్లింది. కానీ పార్లమెంటు అదే సంవత్సరం లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచేసింది. నీళ్లకంటే ఆ సవరణే ముందొచ్చింది.

అదే కాలంలో అనంతపురంలో ఇంకో దారి కనిపించింది. సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో నదులు, జలాశయాల నుంచి గొట్టాలు వేసి, ఫ్లోరైడ్ ఊళ్లతో కలిపి 731 గ్రామాలకు నీళ్లిచ్చింది. ఊరూరా శుద్ధి కేంద్రం పెట్టడం కంటే మంచి నీళ్లను దూరం నుంచి తేవడం నిర్వహణకు తేలిక అని అక్కడ రుజువైంది. నల్లగొండలో సాగర్ వెనుక జలాలు ఎత్తిపోతల ద్వారా మెల్లమెల్లగా ఊళ్లకు చేరసాగాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో పథకం ప్రారంభమైంది. కృష్ణా, గోదావరి జలాలు శుద్ధి కేంద్రాల మీదుగా ఇంటింటి నల్లాకు వచ్చాయి. 2015లో రాష్ట్రంలో 967 ఫ్లోరైడ్ ఆవాసాలు ఉండగా, 2020 నాటికి అవి సున్నాకు వచ్చాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అయితే ‘సున్నా’ అంటే సురక్షితమైన నీటి సరఫరా అందింది అని. భూమిలో ఫ్లోరైడ్ పోయిందని కాదు, వంగిన నడుములు లేచాయని అంతకంటే కాదు.

పిల్లల సంగతిలో మాత్రం ఆశ ఉంది. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఐదేళ్లు మంచి నీళ్లు తాగిన ఊళ్ల పిల్లలను, పాత నీళ్లే తాగుతున్న ఊళ్ల పిల్లలను పోల్చి చూసినప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది. ఓక్లీలో మెకే చూసినదే ఇక్కడా రుజువైంది.

పొలం నుంచి వెనక్కి

మహేశ్వరం హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది. 1999లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ కలిసి పెట్టిన ఇండో-ఫ్రెంచ్ కేంద్రం అక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకాన్ని ఏళ్ల తరబడి గమనించింది. ఆ కాస్త నేలలో 700కు పైగా సాగు బోర్లున్నాయి. బోరు నీళ్లు వరిమడికి పారతాయి, ఎండకు కొంత ఆవిరవుతాయి, మిగిలినవి ఇంకి మళ్లీ అదే బోరుకు చేరతాయి. ప్రతి చుట్టుకూ లవణం చిక్కబడుతుంది. సున్నం మట్టిలో గడ్డకట్టి పోతుంది, దాంతో ఫ్లోరైడ్‌కు ఉన్న పగ్గం తెగిపోతుంది. అంటే రాయి ఇచ్చిన ఫ్లోరైడ్‌కు మన వరి, మన ఉచిత కరెంటు తోడై పెంచుతున్నాయి. ప్రకృతి చేసిన తప్పు అని చేతులు దులుపుకోవడానికి మహేశ్వరం లెక్కలు ఒప్పుకోవు.

చెక్‌డ్యాములు కట్టి వాననీటిని ఇంకిస్తే ఫ్లోరైడ్ పలచబడుతుందని ఆశించారు. నల్లగొండ జిల్లాలో పనిచేసిన అన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయని చెప్పారు. ఇంకే నీరు దారిలో మట్టిలోని పాత లవణాన్ని కూడా కడిగి కిందికి మోసుకుపోగలదు. ఎక్కడ పడితే అక్కడ గుంత తవ్వడం పరిష్కారం కాదన్నమాట.

ఇక ఊరి సెంటర్లో వాటర్ ప్లాంటు. నల్లా ఇంట్లోకి వచ్చినా 20 లీటర్ల క్యాన్ పోలేదు. రుచి అలవాటైంది, నల్లా నీళ్లమీద నమ్మకం కుదరలేదు, ఒక రోజు సరఫరా ఆగితే పాత భయం లేస్తుంది. ఈ ఆర్వో ప్లాంట్లు ఫ్లోరైడ్‌తో పాటు ఒంటికి కావాల్సిన కాల్షియాన్నీ తీసేస్తాయి. వదిలేసిన చిక్కటి నీరు మురుగుకాలువలోకి, అక్కడినుంచి నేలలోకి పోతుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్వో యంత్రాలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. చెప్పినంత తేలిగ్గా వ్యాపారం ఆగలేదు.

నమ్మకం పుట్టాలంటే కొలత జనం చేతిలో ఉండాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పిస్తున్నారు. ఫ్లోరైడ్ పరీక్షలో వాడే ఎర్రటి జిర్కోనియం ద్రావకం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు పసుపులోకి దిగిపోతుంది. రంగుల చార్టు పక్కన పెట్టి చూసుకోవచ్చు. ప్రయోగశాలంత ఖచ్చితం కాకపోయినా ‘ఈ బోరు తాగొద్దు’ అని చెప్పడానికి సరిపోతుంది. దండుమల్కాపురం దగ్గర తలపెట్టిన ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం కట్టలేదన్న గొడవ 2022 మునుగోడు ఉపఎన్నికలో మార్మోగింది. ఆ రచ్చలో ఈ కిట్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఉద్దానం, గండిపేట

ఓక్లీలాగే కారణం తేలకముందే నీళ్లు మార్చిన చోటు మనకూ ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట, కవిటి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, కిడ్నీలు పాడైపోయే జబ్బు వేలమందిని పీడిస్తోంది. సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో పని అన్నారు. ఏ ఒక్కటీ నిర్ధారణ కాలేదు. అయినా హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయలతో వంశధార నీళ్లను తెచ్చి 2023 డిసెంబరులో ప్రారంభించారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టారు. నీళ్లే కారణమని రుజువు కాకుండా ఇంత ఖర్చా అని అడిగేవారున్నారు. రుజువు వచ్చేదాకా బోరు నీళ్లు తాగుతూ కూర్చోమనడం కంటే ఇది తెలివైన పందెం. తప్పయితే పోయేది డబ్బు, మిగిలేది మంచి నీళ్లు.

ఇదే తర్కాన్ని సుప్రీంకోర్టు గండిపేట విషయంలో చట్టంగా మార్చింది. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధించింది. ఆముదం నుంచి రసాయనాలు తీసే ఒక కర్మాగారం మినహాయింపు కోరింది, ప్రభుత్వం ఇచ్చింది. వ్యవహారం ఢిల్లీ దాకా వెళ్లింది. 1999 తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. హాని జరుగుతుందని ప్రజలు నిరూపించనక్కర్లేదు, జరగదని కర్మాగారమే నిరూపించుకోవాలన్నది అందులోని సారం. భూగర్భ జలాల ద్వారా విషం చెరువు దాకా పోగలదేమో చెప్పమని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను కోరారు. 2000 డిసెంబరులో మినహాయింపు చెల్లదని తేలింది. నీటి చోటును కాపాడే విషయంలో సైన్సు, న్యాయం ఇంత దగ్గరగా కలిసి పనిచేసిన సందర్భాలు దేశంలోనే అరుదు.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. నగరం తాగే నీళ్లలో ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతం కూడా లేదన్నది చెప్పిన కారణం. చెరువుల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు మాత్రం కాగితం మీద ఉంచారు. వాటా తగ్గింది కాబట్టి కాపలా అక్కర్లేదనే ఈ లెక్క ప్రమాదకరం. హైదరాబాద్ ఇప్పుడు వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని సాగర్ వెనుక జలాలను తాగుతోంది, నల్లగొండ ఊళ్ల నల్లాల్లోకి వచ్చేదీ ఆ సాగర్ నీరే. జలాశయం నిండు మట్టం 590 అడుగులు. 510 అడుగులకు పడిపోతే నగరానికి అత్యవసర పంపులు బిగించాల్సి వస్తుంది, 2024 వేసవిలో అదే జరిగింది. ఇంకా కిందినుంచి తోడుకునేందుకు పెద్దవూర మండలంలోని సుంకిశాల దగ్గర కొత్త ఇన్‌టేక్ బావి కట్టడం మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో సాగర్‌కు వరద వచ్చినప్పుడు దాని పక్క గోడ కూలి నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. మళ్లీ కట్టే పని మొదలైంది.